లాగ్ పుస్తకంలో ‘స’

తప్పు నాదే. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా సగంలో ఆపి “అయితే తప్పు నీదే కదా” అంటారు. అవును, నాదే. నక్షత్రాలు పుట్టే ఒక మేఘంలో అయస్కాంత క్షేత్రం మన వైపు వస్తోందని రాశాను. నిజానికి అది మన నుంచి అవతలికి పోతోంది. సిగ్గుపడ్డాను, దిద్దుకున్నాను. నా కోపం దాని గురించి కాదు. ఆ తప్పు ఎందుకు జరిగిందో చెప్పే ఒక్క వాక్యం గురించి. ఆ వాక్యం కింద సంతకం పెట్టమన్నారు. పెడితే నా థీసిస్ కదులుతుంది, పెట్టకపోతే గైడ్ గారి బల్ల సొరుగులోనే పడి ఉంటుంది. పెట్టనన్నాను.

నేను తిరుపతిలో రేడియో ఖగోళశాస్త్రంలో పరిశోధన చేశాను. రేడియో అనగానే జనం ఆకాశవాణి అనుకుంటారు. నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ రెండేళ్ళపాటు “నువ్వు ఏ టైముకి వస్తావమ్మా, పెట్టుకుంటాము” అని అడుగుతూనే ఉంది. చివరికి ఉదయం వార్తల తర్వాత వస్తానని చెప్పి ఊరుకున్నాను.

చేసిన పని ఇది. నక్షత్రాలు పుట్టే చోట గ్యాసు, ధూళి కలిసిన పెద్ద మేఘాలుంటాయి. అందులో కొన్ని రకాల అణువులు పక్కనే పుడుతున్న నక్షత్రం వేడికి శక్తిని నింపుకుని కూర్చుంటాయి. సరిపడే రేడియో తరంగం ఒకటి అటుగా వస్తే చాలు, అన్నీ అదే స్వరం అందుకుంటాయి. మా ఊరి చర్చిలో మైకును స్పీకరుకు ఎదురుగా పెడితే కీమని అందుకుంటుందే, దాదాపు అట్లాగే. దాన్నే మేసర్ అంటారు. అంత దూరం నుంచి వచ్చినా మా తెర మీద దాని గీత సూదిలా నిలబడుతుంది.

ఆ తరంగాలు మెలి తిరుగుతూ వస్తాయి. కొన్ని కుడివైపు తిరుగుతూ, కొన్ని ఎడమవైపు తిరుగుతూ. మేఘంలో అయస్కాంత క్షేత్రం ఉంటే ఒక గీత రెండుగా చీలుతుంది, కుడిది ఒక పక్కకి, ఎడమది ఇంకో పక్కకి జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే క్షేత్రం బలం తెలుస్తుంది. ఏది ఏ పక్కకి జరిగిందో చూస్తే క్షేత్రం మన వైపు వస్తోందో, అవతలికి పోతోందో తెలుస్తుంది. అంటే కుడీ ఎడమా తారుమారైతే బలం మారదు, దిక్కు మాత్రం తలకిందులవుతుంది.

మా గైడ్ గారు చెడ్డవాడని రాస్తే నాకు పని సులువయ్యేది. కానీ ఆయన మంచి టీచరు. మొదటి ఏడాది ప్రతి శనివారం నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, చెత్త శబ్దంలోంచి అసలు గీతను ఎట్లా ఏరుకోవాలో ఓపిగ్గా చూపించారు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. సెమినార్లో ఇంగ్లీషు తడబడితే ఆయనే మాట అందించేవారు. ఆ మేలు నేను మరిచిపోలేదు. ఆ మేలు ఉంది గనకనే తర్వాత జరిగింది ఎక్కువ మండింది.

మా దగ్గర పెద్ద టెలిస్కోపు లేదు. నేను చేరకముందే గైడ్ గారు ఎక్కడో దూరాన ఉన్న టెలిస్కోపు దగ్గరకు రెండుసార్లు పోయి ఒకే మేఘాన్ని చూసి వచ్చారు. మొదటిసారి చూసినదాని మీద వ్యాసం రాసేశారు, అందులో క్షేత్రం అవతలికి పోతోందని తేల్చారు. రెండోసారిది ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంటే నాకిచ్చారు. ఆ రెండోసారి అక్కడ రిసీవరుకు రిపేరు చేసి, కేబుళ్ళు ఊడదీసి మళ్ళీ తగిలించారట. అందుకని ఫైళ్ళలో కుడి, ఎడమ అని లేదు. ఒకటి, రెండు అని మాత్రమే ఉంది. ఏది ఏదో గైడ్ గారు తన లాగ్ పుస్తకంలో రాసుకున్నారు. పొడుగాటి అట్ట పుస్తకం, నీలం సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు. అంతా ఇంగ్లీషులో రాసి, తొందరలో ఉన్న చోట తెలుగు పొట్టి అక్షరాలు వేయడం ఆయన అలవాటు. ఆ పేజీలో “1 - స, 2 - అ” అని ఉంది.

స అంటే సవ్యం, అ అంటే అపసవ్యం. తెలుగులో సైన్సు చదివిన ఎవరికైనా తెలిసిన మాటలే. సవ్య దిశ అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, కుడి. అపసవ్యం ఎడమ. అయినా అడిగాను.

“సార్, ఇక్కడ స అంటే సవ్యమే కదా?”

“సవ్యమే. ఇంకేముంటుంది?” అన్నారు ఆయన, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే.

అదే పుస్తకంలో కింద ఇంకో మేఘం పేరు కూడా ఉంది. దాని దిక్కు అందరికీ తెలిసిందే, ఇట్లాంటి సందేహాలు తీర్చుకోవడానికే దాన్ని చూస్తారు. “ముందు దీన్ని సరిచూసుకోమంటారా సార్?” అంటే, “లాగ్‌లో రాసి ఉంది కదమ్మా, వారం రోజులు వృథా చేస్తావా?” అన్నారు. నేను ఆయన మాట వినకుండా ఆ వారం వృథా చేసి ఉండాల్సింది. వినడం నా తప్పు. ఆ తప్పు మాత్రం ఎవరి మీదా తోయను.

లెక్కలన్నీ అయ్యేసరికి నాకు క్షేత్రం మన వైపు వస్తున్నట్టు తేలింది. గైడ్ గారి పాత వ్యాసానికి నేరుగా ఎదురు. నాలుగు నెలలు నా లెక్కలనే తిరగేసి బోర్లేసి చూశాను, సార్ అవునన్న లాగ్ జోలికి మాత్రం పోలేదు. కుడి ఎడమ అంటే ఎక్కడ నిలబడి చూస్తే కుడి అనే పేచీ ఒకటుంది. కాంతి శాస్త్రం వాళ్ళు తరంగానికి ఎదురుగా నిలబడి చూస్తారు, రేడియో వాళ్ళు తరంగం వెనక నిలబడి చూస్తారు. ఒకరి కుడి ఇంకొకరికి ఎడమ. లోకమంతా పడే ఆ తగువులో నేను ఇరుక్కోలేదు, మొదటి నెలలోనే జాగ్రత్త పడ్డాను. నేను పడింది ‘స’ అనే ఒక్క అక్షరంలో.

ఫలితం తీసుకెళ్ళి చూపిస్తే గైడ్ గారు కోప్పడతారనుకున్నాను. ఎగిరి గంతేసినంత పని చేశారు. ఆ రెండుసార్లకీ మధ్య క్షేత్రం తిరగబడింది, ఇది మామూలు సంగతి కాదు అన్నారు. వ్యాసం ఆయనే రాశారు. మొదటి పేరు ఆయనది, రెండో పేరు నాది. “నీ పేరు ముందు పెడితే ఎవరూ చదవరమ్మా” అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. అచ్చయింది. డిపార్ట్‌మెంట్‌లో మిఠాయిలు పంచారు. తర్వాత దాని మీద సెమినారు పెట్టి, వేరే ఊళ్ళ వాళ్ళను ఆన్‌లైన్లో పిలిచి, ఆయనే మాట్లాడారు. నేను స్లైడ్లు మార్చాను.

చివర్లో తెర మీద కనిపిస్తున్న ఒక మేడమ్, ఏ ఊరో నాకు గుర్తు లేదు, చాలా నెమ్మదిగా అడిగారు. “అందరికీ తెలిసిన ఆ రెండో మేఘాన్ని కూడా చూశారు కదా, దాని దిక్కు మీకు సరిగ్గా వచ్చిందా?” గైడ్ గారు నా వైపు చూశారు. చూడలేదని నేనే చెప్పాను. సెమినారు అక్కడికక్కడే ఆగిపోయింది. వారం కూర్చుని లెక్క కట్టాక, అందరూ నా కుర్చీ వెనక నిలబడి ఉండగా ఆ మేఘం ఫలితం తీసి చూశాను. తలకిందులుగా వచ్చింది. అంటే ఒకటో కేబులు కుడి కాదు, ఎడమ.

గైడ్ గారు లాగ్ పుస్తకం తెప్పించి ఆ పేజీ చూశారు. “స అనే రాశాను కదా, సవ్యం. ఎడమ. సరిగ్గానే రాశాను.”

“సవ్యం అంటే కుడి కదా సార్?” అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. తర్వాత గదిలో ఉన్నవాళ్ళందరి వైపూ తిరిగి నవ్వుతూ చెప్పారు. “అమ్మాయికి సవ్యం అంటే తెలియదు. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, తద్దినం పెట్టేటప్పుడు కుడి భుజానికి మార్చుకుంటే అపసవ్యం. వాళ్ళ ఇళ్ళల్లో తద్దినాలు ఉండవు కదా, పాపం, ఎట్లా తెలుస్తుంది?”

గదిలో నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, పెద్దాయన నవ్వారు గనక నవ్విన నవ్వు. మా ఇల్లు ఏసును నమ్మిన ఇల్లు, ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. తిట్టి ఉంటే బాగుండేది, తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. ‘పాపం’ అంటే ఏమనాలి? మౌస్ పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. నేను నోరు మూసుకున్నందుకు నా మీద నాకే ఇప్పటికీ మంట.

తప్పు అచ్చయింది కాబట్టి సవరణ పంపాలి. అది న్యాయం. మర్నాడు గైడ్ గారు దాన్ని టైపు చేసి నా ముందు పెట్టారు. లెక్కలన్నీ సరిగ్గా దిద్దారు. చివర్లో ఒక వాక్యం. తెలుగులో చెప్పాలంటే ఇది: పారిభాషిక పదాలతో పరిచయం లేనందువల్ల విద్యార్థిని లాగ్‌ను తప్పుగా చదివింది.

వ్యాసం గొప్పదైనప్పుడు అందులో ‘విద్యార్థిని’ అనే మాటే లేదు. అది తప్పని తేలాక వెతికి తెచ్చి నిలబెట్టారు.

“ఈ వాక్యం వద్దు సార్” అన్నాను.

“జరిగింది అదే కదమ్మా?”

“స అంటే సవ్యమేనా అని అడిగాను సార్. అవునన్నారు. లాగ్‌లో ఆ అక్షరానికి అర్థం రాసి లేదని రాద్దాం. రాసినవాళ్ళు ఒక రకంగా, చదివినవాళ్ళు ఇంకో రకంగా అనుకున్నారని రాద్దాం. ఎవరినీ ఏమీ అన్నట్టు ఉండదు.”

“ఒక్క వాక్యానికి ఇంత రాద్ధాంతమా?”

“ఒక్క వాక్యమే కదా సార్, మీరే మార్చండి.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా థీసిస్ ఆయన సంతకం కోసం అప్పటికే అక్కడుంది. దాన్ని సొరుగులో పెట్టి, “తొందరేం లేదు, ఆలోచించుకో” అన్నారు. సొరుగు మూసిన చప్పుడు చిన్నదే. నేను లేచి వచ్చేశాను.

అట్లా వారాలు పోయాయి. తోటి స్కాలర్లు సంతకం పెట్టేయమన్నారు. సవరణ చివరి వాక్యం ఎవరు చదువుతారు అన్నారు. నేను చదువుతాను కదా! రేపు ఎవరైనా నాకు ఉద్యోగం ఇచ్చే ముందు నా పేరు కొట్టి చూస్తే మొదట కనబడేది అదే. ఈమెకు శాస్త్రం మాటలే తెలియవు అని, నా సంతకంతో.

ఒకరోజు పొద్దున్నే పుత్తూరు బస్సెక్కి వడమాలపేటలో దిగాను. మా నాయన అక్కడ మోటార్లు వైండింగ్ చేస్తాడు. బోరుబావి మోటారు కాలిపోతే పాత రాగితీగ ఊడబెరికి కొత్తది చుట్టడం ఆయన పని. నేను పోయేసరికి చుట్టడం పూర్తయిన మోటారు ఒకదాని మీద సుద్దముక్కతో బాణం గీస్తున్నాడు.

“ఏంది పాపా, మొగం అట్ల పెట్టుకోని వచ్చినావు? తిన్యావా?”

“నాయనా, సవ్యం అంటే ఏంది?”

“సవ్యమా? సక్కంగా ఉండేది. మోటారు సవ్యంగా తిరగతాండాది అంటాము గదా.”

“కుడి పక్కకా, ఎడం పక్కకా?”

“యా పక్కకి తిరిగితే నీళ్ళొస్తాయో ఆ పక్కకి” అని నవ్వినాడు. నేను నవ్వకపోవడం చూసి సుద్దముక్క కింద పెట్టాడు.

అంతా చెప్పాను. కేబుళ్ళ సంగతి ఆయనకు చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. కరెంటు వైర్లలో రెండు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, ఆయన దినామూ చూసేదే అది. ఆ మోటారునే చేత్తో తట్టి చూపించాడు.

“కుడి అనేదేంది, ఎడమ అనేదేంది? యాడ నిలబడుకోని సూస్తావో సెప్పకుంటే అది సెప్పినట్టేనా? ఈ తట్టు నుంచి సూస్తే కుడి, ఆ తట్టు నుంచి సూస్తే ఎడమ. అందుకే నేను మాట రాయను. బాణం గీస్తా. సదువొచ్చినోడికీ తెలస్తాది, రానోడికీ తెలస్తాది. ఎవురన్నా వచ్చి నీ మోటారు యెనక్కి తిరగతాండాదని అరిస్తే, నా బాణం ఆడే ఉండాది, సూసుకో అంటా.”

“అక్కడ బాణం లేదు నాయనా. స అని ఉంది.”

“దానికి ఆయప్ప ఏమన్నాడు?”

తద్దినాల మాట చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను. నాయన చేతికంటిన సుద్దను గుడ్డకు తుడుచుకున్నాడు.

“మనిండ్లల్లో తద్దినాలు లేవు. నిజమే. దానికేముండాది. సదువు గూడా లేదన్నాడా?”

“ఆ మాట అనలేదు.”

“అన్నట్టే గదా పాపా.”

లేచి లోపలికి పోయినాడు. వార్నిష్ పూసిన రాగితీగ చుట్టలు ఆరబెట్టే అర పైన, చెద పట్టని చోట, ఒక గోనెసంచి ఉంది. దాన్ని దించి నా ముందు పెట్టాడు. నా డిగ్రీ పుస్తకాలు. మోటార్లలో తీగల మధ్య పెట్టే పసుపు కాగితంతో ఒక్కొక్కదానికీ అట్ట వేసి ఉంది. నేను వేసింది కాదు.

“నీ సదువంతా ఈడే ఉండాది. వెతుక్కో. యాడో ఒకతావ రాసుంటాది, నువ్వేమన్నా గాలికి నేర్చుకున్నావా?”

కింద కూర్చుని వెతికాను. రెండో సంవత్సరం ఫిజిక్సు, తెలుగు మీడియం. కాంతి ధ్రువణం పాఠం. అక్కడ ఉంది, నా పెన్సిల్ గీతతో సహా. సవ్య ధ్రువణం అనగా కుడివైపు తిరుగునది, అపసవ్య ధ్రువణం అనగా ఎడమవైపు తిరుగునది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది, తప్పకుండా వస్తుందని పక్కన చుక్క కూడా పెట్టుకున్నాను.

ఫోటో తీసుకుందామని మొదటి పేజీ తిప్పాను. పాఠ్యపుస్తకం మొదటి పేజీ ఎవరూ చూడరు, అది పరీక్షకు రాదు. రచయితలు నలుగురు, ఎవరెవరు ఏ పాఠం రాశారో కింద వరుసగా ఉంది. కాంతి ధ్రువణం ఎదురుగా ఉన్నది మా గైడ్ గారి పేరు.

రెండుసార్లు చదివాను. మూడోసారి నాయనకు చదివి వినిపించాను. నాయన “ఓరి” అన్నాడు, అంతే. ఆ మాట తెలియదని నవ్వినాయనే ఆ మాట నాకు నేర్పినాయన. ఈ ఊళ్ళో కూర్చుని, ఆయన ముఖం కూడా తెలియకుండా, బట్టీ పట్టి నేర్చుకున్నాను.

తిరిగి తిరుపతికి వస్తూ బస్సులో ఏమేం అనాలో అన్నీ అనుకున్నాను. చాలా గట్టివే అనుకున్నాను. ఆయన గదిలోకి పోయాక ఒక్కటీ అనలేదు. పుస్తకం తెరిచి, పెన్సిల్ గీత ఉన్న పేజీ ఆయన ముందు పెట్టాను. చదివారు.

“ఇది పాత మాట. డిగ్రీ పిల్లల పుస్తకాల్లో ఇట్లాగే ఉండేది” అన్నారు.

నేను మొదటి పేజీ తిప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. “ఆ పదం నేను పెట్టింది కాదు. అప్పట్లో పదాల కమిటీ ఉండేది, వాళ్ళు ఇచ్చిన పదం.”

“కావచ్చు సార్. నేను నేర్చుకున్నది ఇదే. పారిభాషిక పదాలతో పరిచయం లేదని సంతకం పెట్టలేను.”

గొంతు పెరిగిందని నాకే తెలిసింది. బయట వరండాలో ఎవరో నడుస్తున్నవాళ్ళు ఆగారు. ఆగితే ఆగనీ అనుకున్నాను. ఇంకో కాగితం తీసి పుస్తకం పక్కన పెట్టాను. సవరణ, చివర నా వాక్యంతో: లాగ్ పుస్తకంలో ‘స’ అన్న అక్షరానికి అర్థం రాసి లేదు, రాసినవారు దాన్ని ఎడమ అనీ చదివినవారు కుడి అనీ తీసుకున్నారు. దాని కింద తరంగం బొమ్మ వేసి, చుట్టూ బాణం గీసి, ఎక్కడ నిలబడి చూస్తే అట్లా తిరుగుతుందో రాశాను.

గైడ్ గారు ఆ కాగితం చదివారు. క్షమించమని అడగలేదు, అడుగుతారని నేనూ అనుకోలేదు. పెన్ను తీసి సంతకం పెట్టారు. సొరుగు లాగి థీసిస్ తీసి దాని మీదా పెట్టారు. రెండూ నా వైపు జరిపారు గానీ పుస్తకం మీది నుంచి చెయ్యి తీయలేదు. పసుపు కాగితం అట్టను వేళ్ళతో తడుముతున్నారు.

“ఇది నా దగ్గర ఒక్క కాపీ కూడా లేదమ్మా. ఎక్కడా దొరకడం లేదు” అన్నారు. ఆ గొంతు శనివారాలు నా పక్కన కూర్చున్నప్పటి గొంతు. “ఉంచుకోనా?”

ఒక్క క్షణం ఇచ్చేద్దామనే అనిపించింది. కానీ ఆ ‘పాపం’ ఇంకా చెవిలోనే ఉంది.

“ఇవ్వలేను సార్” అన్నాను. “మా ఇళ్ళల్లో ఉండేది ఇదే.”

ఆయన చెయ్యి తీశారు. పుస్తకం సంచిలో పెట్టుకుని వచ్చేశాను.